బైక్‌కి గరాజ్ రిమోట్ కలిపే ముందు

ప్రశ్న: అన్నగారూ, నమస్కారం. మేం టెక్సాస్‌లో, డాలస్ పక్కన ప్లేనోలో ఉంటున్నాం. మా గరాజ్ ఇంటి వెనక సందులోకి తెరుచుకుంటుంది. కిందటి ఏడాది రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 కొనుక్కున్నాను. ఆఫీసు నుంచి వచ్చాక సందులో బండి ఆపి, న్యూట్రల్ చేసి, గ్లౌజు తీసి, జాకెట్ జేబులో రిమోట్ వెతుక్కుని నొక్కాలి. మొన్న వర్షంలో రిమోట్ చేతిలోంచి జారి పడింది. వంగి తీసుకోబోతుంటే బండి ఒరిగిపోయింది, కష్టం మీద ఆపాను. అందుకే రిమోట్‌ని బండికే కలిపేద్దాం అనుకుంటున్నాను. హైబీమ్ స్విచ్‌కి కలిపితే డిప్పర్ కొట్టగానే తలుపు తెరుచుకుంటుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. రిమోట్‌కి వేరే బ్యాటరీ ఎందుకు, బండి కరెంటే ఇచ్చెయ్ అని ఇంకొకడు. మా ఓపెనర్ (గరాజ్ తలుపుని ఎత్తి దించే మోటారు) వెనక పసుపు రంగు బటన్ ఉంది. సోల్డరింగ్ ఇంజనీరింగ్ ల్యాబ్‌లో చేసిందే, మళ్ళీ ముట్టుకోలేదు. ఏం చెయ్యమంటారు?

సమాధానం: తమ్ముడూ, 200 కిలోలు దాటిన బండి కాలి మీద పడకుండా ఆగింది, అదే పదివేలు. రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచి తలుపు తెరవాలన్న మీ కోరిక న్యాయమైనది. నిదానంగా చేసుకుంటే ఒక ఆదివారం పూట పని. మీ ఫ్రెండ్స్ చెప్పిన రెండు దారులూ మాత్రం వద్దు. ఎందుకో చెప్తాను.

రిమోట్ విప్పి చూస్తే లోపల చిన్న బోర్డు, ఒక బటన్ సెల్, మీరు నొక్కే బటన్ కింద ఒక బుల్లి స్విచ్ ఉంటాయి. ఆ స్విచ్ చేసేది ఒక్కటే పని, రెండు పాయింట్లను కలపడం. అవి కలవగానే మిగతాదంతా బోర్డు చూసుకుంటుంది. కాబట్టి మీ బండి కూడా ఆ రెండు పాయింట్లను కలిపితే చాలు. బండి కరెంటు ఒక్క చుక్క కూడా రిమోట్‌లోకి వెళ్ళకూడదు. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

రెండో ఫ్రెండ్ సలహా సంగతి ముందు తేల్చేద్దాం. మీ రిమోట్‌లో ఉండే సీఆర్ 2032 సెల్ 3 వోల్టులది. బండి బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది, ఇంజన్ నడుస్తుంటే 14 దాటుతుంది. దాన్ని నేరుగా ఇస్తే బోర్డు అక్కడికక్కడే పోతుంది. వోల్టేజీ తగ్గించే చిన్న మాడ్యూల్ మధ్యలో పెట్టొచ్చు, చాలామంది పెడుతున్నారు కూడా. కానీ స్టార్టర్ నొక్కినప్పుడూ, హారన్ కొట్టినప్పుడూ బండి లైన్లో వోల్టేజీ ఎగిరి పడుతూ ఉంటుంది. చవకరకం మాడ్యూల్ పోతే దాంతోపాటు రిమోట్ కూడా పోతుంది. నెలల తరబడి వచ్చే సెల్‌ని మార్చుకునే శ్రమ తప్పించుకోవడానికి ఇంత ప్రమాదం ఎందుకు?

ఇక్కడ హైదరాబాదు, విజయవాడ వైపు పాఠకులకు ఒక మాట. మన ఊళ్ళలో స్లైడింగ్ గేటు మోటార్లకీ, షట్టర్ మోటార్లకీ వచ్చే 433 మెగాహెర్ట్జ్ రిమోట్లలో చాలావాటికి వేలెడంత 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. ‘రిమోటూ 12, బండీ 12, ఇంకేం’ అని కలిపేస్తారు. బండి 12 అంటే నడిచేటప్పుడు 14 పైన అని మరిచిపోతారు. నా దగ్గరికి వచ్చిన అలాంటి రిమోట్లలో బోర్డు మీద నల్లటి మచ్చ కనిపిస్తుంది, ఇక చేసేదేం ఉండదు. ఆ రిమోట్లలో చాలావరకు ఎప్పుడు నొక్కినా ఒకే కోడ్ పంపే రకం. వాటికి కాపీ తీయడం తేలిక. అలాంటిదాన్ని వీధిలో నిలబెట్టే బండికి బిగించడం నాకు అస్సలు ఇష్టం లేదు. అక్కడివాళ్ళు రిమోట్‌ని తాళంచెవి గుత్తికి తగిలించుకోవడమే మేలు.

మీ ఓపెనర్ సంగతి వేరు. పసుపు బటన్ అంటే లిఫ్ట్‌మాస్టర్, చాంబర్లెయిన్ కుటుంబంలో 2011 నుంచి వస్తున్న సెక్యూరిటీ ప్లస్ 2.0 రకం. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది. రిమోట్ కొనేటప్పుడు ఆ పసుపు బటన్ గుర్తుపెట్టుకోండి. ఊదా, ఎరుపు బటన్ల ఓపెనర్లకి మాత్రమే పనిచేసే పాత రిమోట్లు మీ తలుపుతో మాట్లాడవు. కారులో ఉన్న రిమోట్ విప్పకండి, బండి కోసం వేరే రిమోట్ కొనండి. చెడితే అదొక్కటే చెడుతుంది.  ముందు దాన్ని ఓపెనర్‌కి నేర్పించండి: పసుపు బటన్ ఒకసారి నొక్కి వదలండి, పక్కన చిన్న లైటు వెలుగుతుంది, 30 సెకన్లలోపు రిమోట్ బటన్ నొక్కండి. ఓపెనర్ బల్బు మిణుకుమంటే, లేదా టిక్ టిక్ మంటే నేర్చుకున్నట్టు. ఇదంతా టంకం పెట్టకముందే చేయండి. తర్వాత పనిచేయకపోతే తప్పు మీ వైరింగ్‌లోనే ఉందని తెలుస్తుంది.

ఇక టంకం. సెల్ తీసేసి పక్కన పెట్టండి, సెల్ ఉండగా బోర్డు మీద వేడి ఐరన్ పెట్టకూడదు. బటన్ కింది స్విచ్‌కి నాలుగు కాళ్ళుంటాయి. చాలామంది తికమకపడేది ఇక్కడే. నాలుగు కాళ్ళలో రెండేసి లోపల ముందే కలిసి ఉంటాయి. పొరపాటున ఆ జతకే రెండు వైర్లూ పెట్టారనుకోండి, సెల్ వెయ్యగానే ఏమీ జరగదు, మీ బటన్ నొక్కినా ఏమీ జరగదు, రాత్రంతా కూర్చుని ఎక్కడ తప్పుందో వెతుక్కుంటారు. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి చూడండి. స్విచ్ నొక్కినప్పుడు మాత్రమే మోగి, వదలగానే ఆగిపోయే రెండు కాళ్ళు మీకు కావాలి. మీటర్ లేకపోతే ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్ళు తీసుకోండి, నాలుగు కాళ్ళ స్విచ్‌లో ఐమూల జత తప్పదు.

వైరు సన్నటిది, లోపల చాలా పోగులున్నది తీసుకోండి. ఒంటి తీగ అయితే బండి అదురుకి విరిగిపోతుంది. వైరు కొసకీ, బోర్డు మీద కాలికీ విడివిడిగా ముందే కాస్త టంకం పట్టించి, తర్వాత రెండూ ఆనించి ఐరన్ తాకించండి. రెండు మూడు సెకన్లు చాలు. అంతకు మించి పెడితే బోర్డు మీది రాగి రేకు లేచిపోతుంది. టంకం మెరుస్తూ నున్నగా ఆరాలి. మసకగా, గరుకుగా ఉంటే అతుక్కోలేదని అర్థం, మళ్ళీ వేడి చేయండి. అంతా అయ్యాక వైర్లు బోర్డుని వదిలే చోట హాట్ గ్లూ చుక్క వేయండి. రేపు వైరు లాగినా ఆ లాగుడు గ్లూ మీద పడాలి, టంకం మీద పడకూడదు. విజయవాడ ఆటోనగర్‌లో నేను వైరింగ్ నేర్చుకున్న పెద్దాయన టంకం పెట్టిన ప్రతి వైరునీ చిటికెన వేలితో ఒకసారి మెల్లగా లాగి చూసేవాడు. నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషి కూడా లాగి చూడకుండా మూత బిగించేవాడు కాదు. మీరూ లాగి చూడండి.

రిమోట్ ఎక్కడ పెట్టాలి? హెడ్‌లైట్ డొప్పలో చోటుంటుంది, చక్కగా పడుతుంది అనిపిస్తుంది. అది ఇనుము అయితే సిగ్నల్ బయటికి రాదు. సీటు కింద, ఇంజన్ వేడికి దూరంగా పెట్టండి. జులై, ఆగస్టుల్లో టెక్సాస్ ఎండకి నిలబెట్టిన బండి, దాని మీద ఇంజన్ సెగ, ఇవి రెండూ కలిస్తే బటన్ సెల్ తొందరగా పోతుంది. అడుగు పొడుగు వైర్లతో రిమోట్‌ని టేపుతో తాత్కాలికంగా అంటించి, సీటు మూసి, వైర్ల కొసలు బయటికి వేలాడదీయండి. సందు మొదట్లో నిలబడి ఆ రెండు కొసలూ తాకించండి. తలుపు కదిలితే చోటు కుదిరినట్టే. కదలకపోతే చోటు మార్చండి, అంతేగాని దూరం వెళ్ళాలని రిమోట్ ఆంటెన్నాకి వైరు పొడిగించే పని పెట్టుకోకండి. అనుమతి పొందిన ట్రాన్స్‌మిటర్‌ని అలా మార్చడాన్ని అమెరికా రేడియో నియమాలు ఒప్పుకోవు. పైగా దూరం పెరగడం మీకు మేలు కూడా కాదు, సందు మలుపు నుంచే కనబడని తలుపు తెరుచుకుంటుంది.

చోటు కుదిరాక రిమోట్‌ని స్పాంజిలో చుట్టి చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. స్పాంజి లేకపోతే ఇంజన్ అదురుకి సెల్ క్లిప్పులో ఆడి, ఒకసారి పనిచేసి ఒకసారి పనిచేయక ప్రాణం తీస్తుంది. డబ్బాకి కన్నం అడుగువైపు పెట్టండి. వైరు డబ్బా కన్నా కిందికి వంపు తిరిగి, మళ్ళీ పైకెక్కి లోపలికి వెళ్ళాలి. వాన నీళ్ళు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

హ్యాండిల్ మీది బటన్ విషయంలో డబ్బు చూసుకోకండి. నీళ్ళు పోని రకం, నొక్కితే కలిసి వదిలితే విడిపోయేది తీసుకోండి. నొక్కితే అలాగే ఉండిపోయే రకం పొరపాటున కూడా వద్దు. నా అనుభవం చెప్తాను. చాలా ఏళ్ళ కిందట నా బండికి ఇలాగే పెట్టుకున్నాను, బటన్ మాత్రం ఏదో చేతికందింది పెట్టాను. ఒక వాన రాత్రి ఇంటికొచ్చి బండి లోపల పెట్టి పడుకున్నాను. తెల్లారి మా ఆవిడ పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చి కారులోంచి రిమోట్ నొక్కితే తలుపు తెరుచుకోలేదు. సెల్ మార్చింది, తెరుచుకోలేదు. ఇంట్లోని గోడ బటన్ మాత్రం పనిచేస్తోంది. ఓపెనర్‌లో రిసీవర్ పోయిందనుకుని మెకానిక్‌కి ఫోన్ చేయబోతూ, ఎందుకో బండి సీటు ఎత్తి చూశాను. రిమోట్ మీది చిన్న ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతోంది. బటన్‌లోకి నీళ్ళు దిగి రెండు పాయింట్లూ కలిసిపోయాయి. నా రిమోట్ రాత్రి నుంచీ ఆపకుండా సిగ్నల్ పంపుతుంటే ఇంకో రిమోట్ మాట ఓపెనర్‌కి వినబడలేదు. సెల్ పీకగానే కారు రిమోట్ పనిచేసింది. మీ ఇంట్లో ఎప్పుడైనా రిమోట్లన్నీ ఒకేసారి మొండికేస్తే ముందు బండి సీటు ఎత్తండి.

ఆ రోజే నేను రిలే పెట్టాను, అంటే లోపలి కాయిల్‌కి (తీగ చుట్టకి) కరెంటు అందితేనే తన కాంటాక్టుల్ని కలిపే చిన్న స్విచ్. మీరు మొదటి రోజే పెట్టండి. ఎందుకంటే హ్యాండిల్ మీద బటన్ అంటే మీ ఇంటి తాళంచెవిని అందరి కళ్ళెదుటా వేలాడదీసినట్టు. బండి ఇంటి ముందు నిలబెట్టి మంచినీళ్ళకి లోపలికి వెళ్తే దారిన పోయే పిల్లాడు నొక్కినా తలుపు లేస్తుంది. తాళం ఆన్‌లో ఉంటేనే బటన్ పనిచేయాలి. దానికి 12 వోల్టుల చిన్న రిలే ఒకటి చాలు. రిలే కాయిల్‌కి ఒక కొస తాళం ఆన్ చేస్తే కరెంటు వచ్చే లైన్‌కి, టెయిల్ లైట్ వైరు సరిపోతుంది, మధ్యలో 1 ఆంపియర్ ఫ్యూజుతో కలపండి. రెండో కొస ఎర్త్‌కి. కాయిల్ తాగేది 30, 40 మిల్లీ ఆంపియర్లే, బ్యాటరీకి లెక్కలోకి రాదు. కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఒకటి, గీత ఉన్న వైపు ప్లస్‌కి వచ్చేలా పెట్టండి. తాళం ఆఫ్ చేసినప్పుడు కాయిల్ వెనక్కి కొట్టే వోల్టేజీని అది మింగేస్తుంది. ఇక రిమోట్ నుంచి వచ్చే రెండు వైర్లలో ఒకటి నేరుగా బటన్‌కి, ఇంకొకటి రిలే కాంటాక్టుల గుండా బటన్‌కి. తాళం ఆన్‌లో లేకపోతే కాంటాక్టులు విడిపోయి ఉంటాయి, బటన్ ఎంత నొక్కినా ఏమీ కాదు. బటన్‌లో నీళ్ళు దిగినా తాళం ఆఫ్ చేయగానే సిగ్నల్ ఆగిపోతుంది. బండి కరెంటు కాయిల్ దగ్గరే ఆగిపోతుంది, రిమోట్‌కి బండితో కరెంటు బంధమే ఉండదు.

టెయిల్ లైట్ వైరు కోసి అతకకండి. కనెక్టర్ల దగ్గర మధ్యలో దూర్చే జాయింటు వైరు పెట్టుకుంటే, రేపు వారంటీ కింద షోరూమ్‌కి తీసుకెళ్ళినప్పుడు ఊడదీసి ఎప్పటిలా పెట్టేయొచ్చు. మీది ఇంటర్‌సెప్టర్ అయితే, అమెరికాలో ఆ పేరు హోండా చేతిలో ఉంది కాబట్టి మీ బండి మీద ఐఎన్‌టీ 650 అనే ఉంటుంది. పేరు ఏదైనా, చెన్నై దగ్గర తయారైన ఈ బండి వైరింగ్ సూటిగా ఉంటుంది, భయపడాల్సింది లేదు.

మరి డిప్పర్ కొట్టి తెరవడం? వినడానికి బాగుంటుంది, వేరే బటనే అక్కర్లేదు. కానీ హైబీమ్ వైరుకి రిలే కలిపితే, హైవే మీద హైబీమ్ వేసుకుని గంట నడిపితే గంటసేపూ రిమోట్ నొక్కి పట్టినట్టే. సెల్ ఒక్క రోజులో అయిపోతుంది, ఇంటి సందులోకి రాగానే తలుపు దానంతటదే కదులుతుంది. డిప్పర్‌తోనే కావాలంటే అందుకోసమే తయారైన ఫ్లాష్ టు పాస్ లాంటి కిట్ ఉంది. వరుసగా రెండుసార్లు డిప్పర్ కొడితేనే సిగ్నల్ పంపుతుంది, హైబీమ్ అలా వెలుగుతూ ఉంటే పట్టించుకోదు. మీ ఓపెనర్‌కి సరిపడే మోడల్ అని చూసుకుని కొనండి. టంకం మీద నమ్మకం లేకపోతే అదే మీకు మంచి దారి. హారన్ బటన్‌కి కలిపే ఆలోచన వస్తే రానివ్వకండి.

ఇక అసలు నాకు భయం ఉన్న విషయం. అమెరికాలో 1993 జనవరి 1 నుంచి తయారైన ప్రతి ఇంటి గరాజ్ ఓపెనర్‌కీ చిక్కుకుపోకుండా కాపాడే ఏర్పాటు ఉండాలని చట్టం. అందుకే తలుపు రెండు పక్కలా నేలకి 6 అంగుళాల లోపు ఎత్తులో చిన్న కళ్ళుంటాయి. వాటి మధ్య కిరణం తెగితే దిగుతున్న తలుపు ఆగి పైకి లేస్తుంది. కారుకీ, పిల్లలకీ అది బాగా పనిచేస్తుంది. బైక్ దగ్గర ఒక మెలిక ఉంది. టైరు అడ్డుగా ఉంటే కిరణం తెగుతుంది. కానీ గుమ్మం మధ్యలో, ముందు చక్రం లోపల, వెనక చక్రం బయట ఉండగా ఆగారనుకోండి, కిరణం ఇంజన్ అడుగు నుంచి దూరి అవతలి కంటికి చేరిపోవచ్చు. ఓపెనర్ దృష్టిలో అక్కడ ఎవరూ లేరు. ఆ క్షణంలో బొటనవేలు బటన్ మీద పడితే తలుపు మీ హెల్మెట్ మీదికో వీపు మీదికో దిగుతుంది. తగిలాక వెనక్కి లేవాలి, నిజమే. తగిలేదాకా ఎందుకు తెచ్చుకోవడం?

అందుకే బటన్‌ని ఎడమ చేతి వైపు, క్లచ్ పట్టుకుని ఉన్నప్పుడు బొటనవేలు మామూలుగా వెళ్ళని చోట బిగించండి. ఇండికేటర్ వెతుకుతుంటే తగిలే చోట వద్దు. లోపలికి వచ్చేటప్పుడు తలుపు పూర్తిగా పైకి లేచి ఆగేదాకా సందులోనే ఆగండి. లోపలికి వచ్చాక బండి స్టాండ్ వేసి, ఇంజన్ ఆపి, దిగి, గోడ బటన్‌తో మూయండి. పొద్దున వెళ్ళేటప్పుడు తలుపు తెరిచాకే ఇంజన్ స్టార్ట్ చేయండి, మూసిన గదిలో నిమిషం సేపు నడిచినా ఆ పొగ ఇంట్లోకి వెళ్తుంది. బయటికి వచ్చి తలుపుకి దూరంగా, దానివైపు చూస్తూ ఆగి నొక్కండి. అంచు నేలకి తాకిందాకా కదలకండి. ఇల్లు తెరిచి ఉందేమోనన్న టెన్షన్ ఆఫీసుదాకా మోసుకెళ్ళే పని ఉండదు.

పని అంతా అయ్యాక, బండిని బయట పెట్టి ఒక పరీక్ష చేయండి. గుమ్మం మధ్యలో టూ బై ఫోర్ చెక్క (పేరుకి రెండు అంగుళాల మందం, నాలుగు అంగుళాల వెడల్పు ఉండేది) ఒకటి పడుకోబెట్టి తలుపు దించండి. చెక్కకి తాకిన రెండు సెకన్లలో తలుపు వెనక్కి లేవాలి. లేవకపోతే ఓపెనర్ సర్దుబాటు చేయించేదాకా బండి బటన్ వైరు పీకేసి ఉంచండి.

గరాజ్‌లోంచి ఇంట్లోకి వెళ్ళే తలుపుకి రాత్రీ పగలూ గడియ పెట్టడం అలవాటు చేసుకోండి, మన వాళ్ళు ఎక్కువమంది దాన్ని తెరిచే ఉంచుతారు. బండి గానీ పోతే పోలీసులకి ఫోన్ చేసిన వెంటనే ఓపెనర్ దగ్గరికి వెళ్ళి పసుపు బటన్‌ని 6 సెకన్ల పాటు, పక్కన లైటు ఆరిపోయేదాకా నొక్కి పట్టండి. నేర్పిన రిమోట్లన్నీ చెరిగిపోతాయి. కార్ల రిమోట్లని మళ్ళీ నేర్పించుకోవడం పది నిమిషాల పని. బండి అమ్మే రోజు వస్తే సీటు ఎత్తి ఆ డబ్బా ఒక్కటి తీసి మీ దగ్గర పెట్టుకోండి. హ్యాండిల్ మీది బటన్, రిలే కొన్నవాళ్ళకే వదిలేయండి, వాళ్ళ ఇంటి రిమోట్‌కి అవి పనికొస్తాయి.